సోమశేఖర్ గారి శాంపిల్

సోమశేఖర్‌కి శాంపిల్ చూడందే దేన్నీ ఒప్పుకోవడం చేతకాదు. కువైట్‌లోని షుఐబాలో ఓ పెద్ద కంపెనీకి సరుకులు కొనే విభాగమంతా ఆయన చేతిమీదుగా నడిచింది మరి. పెళ్లిచూపులనాడు కూడా ఉప్మా రుచి చూశాకే పిల్లవైపు తలెత్తాడట. కుముదిని ఆ సంగతి ఇప్పటికీ మరిచిపోలేదు.

ఆకాశంలో యుద్ధం మొదలై సైరన్లు మోగుతుంటే, సాల్మియాలో వాళ్ల బిల్డింగుకి రక్షణాధికారి కావలసి వచ్చాడు. అందరూ కలిసి రిటైరైన ఈయన్నే పట్టుకున్నారు.

"ముందు బాంబుకి శాంపిల్ అడుగుతారేమో కనుక్కోండి," అంది కుముదిని.

పదవి రాగానే మెడలో విజిలు, నెత్తిన పసుపు హెల్మెట్. సైరన్ మోగితే జనమంతా కింద కార్లు పెట్టే సర్దాబులోకి దిగాలి. ఇంటికో గిన్నె కూర తెచ్చి ఆయనకి రుచి చూపించాలి.

"ఇదెందుకండీ?" అన్నారెవరో.

"ఎంతసేపుండాలో తెలీదు. తిండి కూడా రక్షణే."

చెంచాడు నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని తీర్పు చెప్పేవాడు. రోజూ ఏదో ఒక గిన్నె రిజెక్ట్. రిజెక్టయిన శాంపిల్ వెనక్కివ్వకూడదన్నది కంపెనీ నియమమట. "ఎలీసమ్మా, పైకెళ్తూ ఇది పారేస్తావా?"

ఎలీసమ్మది నరసాపురం. నాలుగో అంతస్తు కువైటీల ఇంట్లో పనిమనిషి. ఆమె మామా అని పిలిచే యజమానురాలు సంసారంతో సహా సెలవులకెళ్లి, విమానాలు ఆగిపోయి అక్కడే చిక్కుకుంది. తిన్నావా అంటే, "ఇప్పుడే అయ్యిందండి," అంటుంది ఎలీసమ్మ. ముఖం చూస్తే పీక్కుపోయింది.

ఓరోజు కుముదిని గోంగూర పప్పే రిజెక్టయింది. ఇంటికొచ్చేదాకా ఓపిక పట్టింది పాపం.

"ఇన్నేళ్లు లొట్టలేసుకుని తిని, ఇవాళ పదిమందిలో వంక పెడతారా?"

"పప్పు బ్రహ్మాండం కుముదా."

"మరి?"

"ఎలీసమ్మ పొయ్యి వెలగట్లేదు. ఊరికే ఇస్తే పుచ్చుకోదు. బిస్కెట్లిస్తే మన గుమ్మంలోనే పెట్టిపోయింది."

 మర్నాడు కుముదిని తెచ్చిన గిన్నె రెండు చేతులా పడితేగానీ లేవలేదు.

"ఇదీ రిజెక్టేనా?"

"ఘోరం," అన్నాడు వేళ్లు నాక్కుంటూ.

విమానాలు మొదలై మామా తిరిగొచ్చింది. ఆ సాయంత్రమే ఎలీసమ్మ చేపల పులుసు పట్టుకుని వాళ్ల గుమ్మంలో నిలబడింది.

"శాంపిలండి బాబూ. చూసి చెప్పండి."

ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. ఇంకోటి. గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

"రిజెక్ట్."

"అయితే పారేసెత్తాను, ఇలాగివ్వండి," అని చెయ్యి చాపింది ఎలీసమ్మ, నవ్వు ఆపుకుంటూ.

"వెనక్కివ్వకూడదు. నియమం," అని గిన్నె అటు తిప్పేసుకున్నాడు. "కుముదా, అన్నం పట్రా."