బయటికి తెచ్చుకున్న క్లిప్పు

బుకిట్ పంజాంగ్‌లో మా ఫ్లాట్ కిటికీ దగ్గర బట్టలు ఆరేస్తుంటే, ప్లాస్టిక్ క్లిప్పు వేళ్ల మధ్య టక్కుమంటుంది. ఆ చప్పుడుకి రాజు అంకుల్ గుర్తొస్తారు. ఇదే ఊళ్లో అవతలి చివర, పాసిర్ రిస్‌లో ఉండేవారు. తాతల కాలంలో విశాఖ వైపు నుంచి ఈ దేశానికి వచ్చిన కుటుంబం. ఓడల అడుగు శుభ్రం చేసే డైవరుగా పనిచేసి రిటైరయ్యారు. వయసులో ఉన్నప్పుడు, నేర్పేవాళ్లే లేని రోజుల్లో, నీట మునిగిన గుహల్లోకి దిగిన తొలితరంలో ఒకరు. నీళ్లు పోకుండా టార్చీలకు రబ్బరు ట్యూబు చుట్టుకుని దిగేవారట. కొందరు తిరిగి రాలేదు. ఒక్కో నియమం అలా పోయినవాళ్ల వల్లే పుట్టిందనేవారు ఆయన. దారికి తాడు, తాడుకు బట్టల క్లిప్పులు. తాడు రెండు దారులుగా చీలే చోట, బయటికి వచ్చే వైపు తాడుకు ఎవరి క్లిప్పు వాళ్లు పెట్టాలి, వస్తూ తీసుకురావాలి. క్లిప్పు మిగిలిందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నాడని అర్థం.

నాకు గుహల పిచ్చి పట్టాక ఆయన్ని ఆశ్రయించాను. వారమంతా రాఫెల్స్ ప్లేస్‌లో బ్యాంకు ఉద్యోగం, శనివారం ఆయన శిష్యరికం. ఆయన ఫ్లాట్ల బ్లాకు కింద ఖాళీ జాగాలో స్తంభాలకు తాడు కట్టి, నా కళ్లకు తువ్వాలు చుట్టి, తడుముకుంటూ నడవమనేవారు. వచ్చే పోయే ఆంటీలు నవ్వుతుంటే తల కొట్టేసినట్టుండేది.

"ఇప్పుడు మంచి టార్చీలున్నాయి కదా అంకుల్," అని ఒకసారి విసుక్కున్నాను.

"నాతో గుహల్లోకి దిగే మా సెల్వం కూడా అదే మాటన్నాడు. తాడొదిలి రెండు బారలు పోయాడంతే. వాడి ఆకుపచ్చ క్లిప్పు అక్కడే ఉండిపోయిందమ్మా."

ఆ తర్వాత తువ్వాలు నేనే కట్టుకున్నాను.

రెండేళ్లకు థాయ్‌లాండ్‌లో ఒక గుహ నుంచి తిరిగి వస్తుంటే నా కాలు తగిలి బురద లేచింది. టార్చి వెలుగు గంజిలో ముంచినట్టయింది. ముందున్న తోటి డైవరు మాయమయ్యాడు. తాడు చీలిన చోట నా చేయి ఆగిపోయింది. ఎటు వెళ్లాలి? ఏడుపొచ్చింది. కళ్లు మూసుకుని, బ్లాకు కింద తడిమినట్టే తడిమాను. ఎడమ తాడు మీద నా క్లిప్పు తగిలింది. పక్కన అతనిది లేదు, ముందే దాటేశాడన్నమాట. నాది తీసుకుని, వెలుగు కనబడేదాకా ఆ తాడు వదల్లేదు.

ఒడ్డుకు రాగానే ఫోన్ చేశాను. "అంకుల్, బయటికొచ్చేశాను."

"క్లిప్పు?"

గుప్పిట విప్పి చూసుకున్నాను. "ఉంది అంకుల్."

ఆయన ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. "సరే, మకాన్ అయిందా? ముందు పోయి తిను."

నిరుడు ఆయన తన మంచం మీదే, నిద్రలో పోయారు. ఆయన భార్య, మా ఆంటీ, ఆయన గుహల్లో వాడిన పసుపు క్లిప్పు నా చేతిలో పెట్టారు. ఏడ్చాను, కానీ మనసు తేలికపడింది కూడా. దిగిన ప్రతి గుహలోంచీ ఆయన దాన్ని తిరిగి తెచ్చుకున్నారు. ఇప్పుడు నేను దిగినప్పుడల్లా నా క్లిప్పు పక్కన ఆయనదీ పెడతాను. వస్తూ రెండూ తీసుకొస్తాను.