సిద్దిపేట చింతల కింద పరిచిన పడుగు

మా మిల్లులో నా పక్క మగ్గం నడిపే నర్సింలుది సిద్దిపేట. ఒకరోజు అన్నం తింటూ, "మా వాడ చింతలు కొట్టేస్తున్నరట. చూసేదుంటే జల్ది పోయి చూసిరా" అన్నాడు. చింతచెట్లు చూడడానికి కూలి పోగొట్టుకుని పోయే రకం కాదు నేను. కానీ వాటి నీడలోనే సాలెవాళ్లు తాతల నాటినుంచి పడుగుకు గంజి పెట్టుకుంటున్నారు. మా తాత పని నేర్చుకున్నది కూడా వాటి కిందేనని మా నాయిన చెప్పేవాడు. దేనికి కొడుతున్నారని అడిగితే బొగ్గుకన్నాడు. యుద్ధం వల్ల పెట్రోలు దొరకక బస్సులు బొగ్గు మీద నడుస్తున్నాయి గదా, ఆ బొగ్గుకు. నాకు ఒళ్లు మండింది. మర్నాడే బయలుదేరాను.

హైదరాబాదు నుంచి పొద్దున ఒక బస్సు ఉంది. కిరాయి రూపాయిన్నర. బస్సు వెనక నిలువెత్తు డ్రమ్ము ఉంటుంది, దాంట్లో బొగ్గు మండిస్తారు. వెనక సీట్లో కూర్చోకండి, దిగేసరికి మన మొహం మనమే గుర్తుపట్టలేం. గజ్వేల్‌లో బస్సు చాలాసేపు ఆగుతుంది. జొన్నరొట్టె, ఉల్లిగడ్డ, కారం అక్కడే దొరుకుతాయి, అక్కడే తినేయాలి. ముందుకుపోతే ఏమీ దొరకదు. బొగ్గు సంచి డ్రమ్ములో గుమ్మరిస్తున్న డ్రైవర్‌ను, "ఈ బొగ్గు ఏడికెళ్లి తెస్తరు?" అని అడిగాను.

"చెట్లకెల్లి. మొగులు మీదికెల్లి రాలుతదా?"

"సిద్దిపేట చింతలు కొడుతున్రట గద."

"చింత బొగ్గు మంచిగ మండుతది. మీకు బస్సు గావాలె, బొగ్గు గావొద్దు. ముందుగల ఆ ఎత్తు కాడ దిగి నూకాలె, సిద్ధంగుండు."

నిజమే, రెండు చోట్ల దిగి తోశాం. కిరాయి కట్టి బస్సును మనమే తోయడం ఏం న్యాయమో నాకు అర్థం కాలేదు. సిద్దిపేటలో దిగేసరికి పొద్దు వాలింది.

నర్సింలు వాళ్ల అన్న వీరయ్య ఇంట్లో దిగాను. ఇల్లు చిన్నది, సగం మగ్గమే. ఆయన భార్య లచ్చవ్వ కాళ్లకు నీళ్లిచ్చి, అన్నంలోకి పచ్చిపులుసు పోసింది. చీకటి పడకముందే వీరయ్య నన్ను చెట్ల దగ్గరికి తీసుకుపోయాడు. వాడ చివర బండ్ల బాట పక్కన అవి వరసగా ఉంటాయి. ఒకప్పుడు బాట పొడుగూతా ఉండేవట. ఇప్పుడు మూడే మిగిలాయి, అందులో ఒకటి ఆ రోజే నేలకూలింది. దాని మొద్దు ఇంకా పచ్చిగా, ఎర్రగా ఉంది. నిలిచి ఉన్నవాటిలో మొదటి చెట్టును ఉప్పుచింత అంటారు. ఉప్పు బండ్లు తెచ్చేవాళ్లు ఎద్దులు విప్పి దాని కిందే వంట చేసుకునేవాళ్లట. రెండోది అమ్మవారి చింత. ఊళ్లో అమ్మవారు పోసినప్పుడు జబ్బు మనుషులను తెచ్చి దాని నీడలో పడుకోబెట్టేవాళ్లట. ఈ చెట్లను ఎవరో దొర నాటించాడని ఊళ్లో గొప్పగా చెబుతారు. ఆయన గడ్డపార పట్టాడా అని వీరయ్యను అడిగాను.

"దొర గడ్డపార పడ్తడా, తమ్మీ? మా అవ్వోళ్ల అత్త వెట్టికి పోయి కడవలతోని నీళ్లు పోసిందట. ఎండకాలం రెండు పూటల. తాగెతందుకు ఇంట్ల నీళ్లు లేకున్నా సరే, చెట్టుకు పొయ్యాలె."

ఆమె పేరేమిటని అడిగాను. వీరయ్యకు తెలియదు. దొర పేరు మాత్రం చెప్పాడు. ఆ పేరు ఇక్కడ నేను రాయను.

చెట్లు పోతే ఏమవుతుందో చూడని వాళ్ల కోసం చెబుతాను. మగ్గానికి ఎక్కించే ముందు పొడుగు దారాలను, అంటే పడుగును, బారుగా సాగదీసి గంజి పట్టించి కుంచెతో దువ్వాలి. అది నీడలో మెల్లగా ఆరాలి. ఎండలో పెడితే పెళుసెక్కి మగ్గం మీద పుటపుట తెగుతుంది. పడుగు పొడుగూతా నీడ ఉన్న జాగ ఆ వాడలో ఇంకెక్కడా లేదు. చెట్టు పోయిందంటే మగ్గం పోయినట్టే. మగ్గం పోయినవాళ్లు ఎక్కడికి వస్తారో నాకు తెలుసు. నా పక్కకే వస్తారు, మిల్లుకు.

తెల్లారగానే వీరయ్య పడుగు తెచ్చాడు. ఉప్పుచింతకూ అమ్మవారి చింతకూ మధ్య సాగదీసి కట్టారు. లచ్చవ్వ జొన్నగంజి కలిపింది. అప్పుడే గొడ్డళ్లు భుజాన వేసుకుని చెట్లు కొట్టేవాళ్లు వచ్చారు. వాళ్ల పెద్ద పేరు మైసయ్య. గుత్తేదారు చెప్పిన ప్రకారం ఆ రెండు చెట్లూ ఆ రోజే పడాలి, సాయంత్రానికి కట్టె బండ్లకెక్కాలి. మర్నాటినుంచి వాళ్లు హుస్నాబాద్ దిక్కు పని ఒప్పుకున్నారు.

నేను మైసయ్యకు అడ్డం పోయాను. "గొడ్డలి ఎత్తితే మంచిగుండదు" అన్నాను. ఇంకేమేమో కూడా అన్నాను, అవి రాయదగ్గవి కావు.

మైసయ్య నన్ను కిందినుంచి మీదికి చూశాడు. "ఎవ్వడే వీడు? నిన్నటి బస్సుల దిగిండా? మొహం మీది మసి ఇంక పోలే." వాళ్లంతా నవ్వారు. తర్వాత పడుగు వైపు తిరిగి, "పరిచిన పడుగు మీద గొడ్డలేసుడు మా తాతలు గూడ చెయ్యలే. ఆరినాక ఎత్తుకో వీరన్నా. అప్పటిదాక కూసుంటం" అని చెట్టు కిందే చతికిలబడ్డాడు.

వీరయ్య నన్ను పక్కకు లాగాడు. "ఆయన గూడ కూలోడే తమ్మీ. నీ కోపం గాడ పనికి రాదు. కుంచె పట్టు."

పట్టాను. రెండుసార్లు దువ్వేసరికి దారాలు తెంపాను. మిల్లులో నేను మంచి పనివాడిని. ఇక్కడ లచ్చవ్వ కుంచె లాక్కుని, "మిషనోనివి, నీకెట్ల వస్తది బిడ్డా" అంది.

పొద్దెక్కేకొద్దీ పడుగు ఆరుతోంది. వీరయ్య మాటిమాటికీ వేలితో తాకి చూస్తున్నాడు. ఎత్తకపోతే దారం పాడవుతుంది, ఎత్తితే చెట్లు పోతాయి. అలాగే ఉంచమని నేను గట్టిగా అన్నాను. "కంట్రోల్ నూలు తమ్మీ, లెక్క కట్టి ఇస్తరు. ఇది పోతే మల్ల ఎవడిస్తడు? పిల్లలకేం పెట్టాలె?" అని ఆయన ముడి విప్పడానికి వంగాడు.

అప్పుడు ఎదురింటి బాలవ్వ ఒక పెద్ద ఉండ చంకలో పెట్టుకుని వచ్చింది. ఆసు పోసి, అంటే దారాలు బారుగా పేర్చి, చుట్టి దాచిన పడుగు అది.

లచ్చవ్వ నోరు తెరిచింది. "పోయిన నెల పోగు లేదంటివి గదనే! గిదేంది? ఎలకలు పెట్టినయా?"

"ఎలకలే పెట్టినయ్. నా బిడ్డ చీరకని దాసిన. ముందుగల కొస పట్టు, తిట్టుడు తర్వాత."

ఎండిన పడుగు ఒకవైపు ఎత్తుతుంటే పక్కనే పచ్చిది సాగాలి. మనుషులు చాలలేదు. ఆ వాడలో ఒక పద్ధతి ఉంది. పడుగు సాగేటప్పుడు బాటన కనబడ్డవాణ్ని ఎవరినైనా పిలుస్తారు, పిలిస్తే ఎవరూ కాదనరు. బాలవ్వకు అలవాటు కొద్దీ నోట్లోంచి వచ్చేసింది.

"ఓ మైసన్నా, ఉత్తగనే కూసున్నవ్ గద, గీ కొస పట్టరాదూ!"

మైసయ్య గొడ్డలిని చెట్టుకు ఆనించి, లేచి కొస పట్టాడు. అతని వాళ్లు కూడా లేచారు. కూల్చడానికి వచ్చినవాళ్లే పడుగు బిగించి నిలబడితే లచ్చవ్వ గంజి పట్టించింది. అది ఆరేలోపు ఇంకో ఇంటినుంచి ఇంకోటి వచ్చింది. ఏ ఇంట్లోనూ నూలు లేదని నెలలుగా ఒకరికొకరు చెప్పుకున్నవాళ్లే, అందరి అటకల మీదా ఎంతో కొంత ఉంది.

సాయంత్రం కట్టె కోసం బండ్లు వచ్చాయి. "కట్టె ఏది?" అని బండివాడు అడిగాడు.

"పడుగు పట్టుకొని నిలవడ్డది" అన్నాడు మైసయ్య.

"ఎంతసేపు?"

"ఆరేదాక."

బండివాడు నిన్న పడిన చెట్టు కొమ్మలు మాత్రం ఎక్కించుకుని పోయాడు. చీకటి పడకముందే మైసయ్య వాళ్లూ హుస్నాబాద్ బాట పట్టారు.

గెలిచామని నేను చెప్పను. గుత్తేదారు వేరే మనుషుల్ని పంపుతాడు, వాళ్లు కొస పట్టేవాళ్లే అవుతారన్న భరోసా లేదు. అరవడం తప్ప నేను చేసిందేమీ లేదు, నేను తెంపిన దారాలకు కూడా లచ్చవ్వే ముడులు వేసుకుంది. అయినా ఒక సంగతి నాకు తెలిసొచ్చింది. రోజూ పొద్దున ఆ చెట్ల మధ్య ఒక పడుగు ఉండాలి, లేనినాడు చెట్లుండవు. అటకల మీద దాచింది ఎన్నాళ్లో రాదు.

చూడాలనుకునేవాళ్లు ముందు రోజు సాయంత్రానికే చేరుకోండి, తెల్లారేసరికి చెట్ల దగ్గర ఉండండి. పరిచిన పడుగును దాటకండి, చుట్టూ తిరిగి పొండి. పూలూ పండ్లూ తీసుకుపోవద్దు. ఏ రంగుదైనా సరే, ఒక నూలు కట్ట తీసుకుపొండి.