తప్పిపోయిన జవాబు

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. లెక్కల మాస్టారు పోయారని మొన్న గోల్‌బజార్‌లో చేపలు బేరమాడుతుంటే తెలిసింది. ఇంటికొచ్చి కలం తీసి, మళ్ళీ పెట్టేశాను. బడి మొహం చూడనివాణ్ణి, వ్యాగన్ల మీద రాతలు చూసి చదువు కూడబలుక్కున్నవాణ్ణి, మాస్టారి గురించి ఏం రాస్తాను? పైగా మా ఖరగ్‌పూర్ పొడుగాటి ప్లాట్‌ఫారంలాగే నా మాటా ఓ పట్టాన తెమలదు. కానీ ఆ గొట్టాల లెక్క గుర్తొచ్చింది. ఇక చెయ్యి ఆగలేదు.

ఆయన ట్రాఫిక్ అనే మా రైల్వే పేటలో తెలుగు బడి మాస్టారు. ‘తప్పు’ అనే మాట ఆయన నోట రాదు. ‘తప్పిపోనాది’ అనేవారు.

“తీర్తంలో పిల్ల తప్పిపోతే తప్పు పిల్ల అంటామేటి? ఏ ఇంటిదో కనుక్కుని దిగబెడతాం. జవాబూ అంతే. అది ఏ లెక్కదో ఎతకండర్రా!”

ఇక చూడాలి, పిల్లలు పలకలు పట్టుకుని ఎగబడేవారు!

ఒకసారి ఊళ్ళో బడులన్నిటికీ లెక్కల పోటీ పెట్టారు. ఇన్ని గొట్టాలతో తొట్టి ఆరు గంటల్లో నిండితే, పన్నెండు గొట్టాలతో ఎంతసేపట్లో నిండుతుందని ప్రశ్న. అందరూ రెండు గంటలని రాశారు. మా అమ్మాయి నాలుగని రాసి, ఏడుస్తూ బయటికొచ్చింది.

“నాకు లెక్కలు రావు నాన్నా. ఇంక ఆటి జోలికెళ్ళను.”

అన్నంత పనీ చేసే పిల్ల.

మాస్టారు మాత్రం హుషారుగా చేతులు రుద్దుకున్నారు. “ఏడుపు తరవాత. ముందు ఈ నాలుగు ఎవరి పిల్లో సెప్పు!”

అది ముక్కు తుడుచుకుని వెనక్కి లెక్కకట్టింది. “పన్నెండు నాలుగులు నలభై ఎనిమిది... ఆరుతో బాగిస్తే ఎనిమిది. ఎనిమిది గొట్టాలుండాల. ఎనిమిదే ఉంది మాస్టారూ, బోర్డు మీద నాను సూసినాను!”

ముగ్గురం లోపలికి పరిగెత్తాం. ప్రశ్న ఇంగ్లీషులోనే ఉంది. కానీ రాసిన బెంగాలీ మాస్టారు అలవాటుకొద్దీ ఆ ఒక్క అంకె తన భాషలో వేసేశాడు. బెంగాలీ నాలుగు అచ్చం ఇంగ్లీషు ఎనిమిదిలాగే ఉంటుంది మరి! మిగతా పిల్లలు బెంగాలీ అంకెలు వచ్చినవాళ్ళు, నాలుగనే చదువుకున్నారు.

“ఆరే బాబా! ఎటా తో చార్!” అని ఆయన తల పట్టుకున్నాడు.

“మీకు చార్, మా పిల్లకి ఎనిమిది. దిగబెట్టేసినాం దాదా!” మాస్టారు గెంతినంత పని చేశారు. బహుమతి ఎవరికిచ్చారో మాకెవరికీ గుర్తులేదు. ఇంటికొచ్చే దారిపొడుగునా అమ్మాయి నన్ను లెక్కలడిగి చంపింది.

ఇప్పుడు అదే బడిలో లెక్కలు చెబుతోంది. నిన్న క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళాను. ఒక పిల్ల బోర్డు మీద లెక్క చేసింది. క్లాసంతా నవ్వింది. మా అమ్మాయి లేచి ప్రశ్న తుడిచేసింది. జవాబు ఉంచింది. సుద్దముక్క ఆ పిల్ల చేతికిచ్చి, వెళ్ళి బెంచీ మీద కూర్చుంది.