చాచా వాయిస్తుంటే మాట్లాడాను

రెండు వారాల కింద శుక్రవారం పొద్దున, మా వెనక గల్లీ చాచా పోయారని మసీదు మైకులో చెప్పారు. చేతిలో చాయ్ అట్లాగే ఉండిపోయింది. ఎవరికైనా ముందు దుఃఖం వస్తుంది, నాకు భయం వేసింది. తప్పయిందని ఆయనతో ఒక్క మాట చెప్పవలసి ఉండింది. రేపు, ఎల్లుండి అంటూ ఏడాది దాటించాను.

బెల్లంపల్లిలో చాచా తెలియనివారు తక్కువ. ముప్పై ఏళ్లకు పైగా బొగ్గు బాయిలో కార్మికుల భద్రత చూసే సర్దార్. పని మొదలయ్యే ముందు పొడవాటి కర్రతో గని పైకప్పును తట్టి, చప్పుడును బట్టి అది నిలుస్తుందో కూలుతుందో చెప్పేవారు. రిటైరయ్యాక, చర్చి వెనక గదిలో తీగలు తెగి పడి ఉన్న సెల్లోను పాస్టరు గారిని అడిగి తెచ్చుకుని, కొత్త తీగలు వేయించి తనంతట తానే నేర్చుకున్నారు. మనిషి ఛాతీ ఎత్తు వయొలిన్‌లా ఉండే దాన్ని మోకాళ్ల మధ్య పెట్టుకుని, ఎవరి పాటా కాకుండా అప్పటికప్పుడు తోచింది ఒక్కరే వాయించేవారు. కాసేపు కమానుతో తీగలను గీకేవారు, కాసేపు చెక్కను వేళ్లతో తట్టేవారు, తట్టి చాలాసేపు ఆగేవారు. ముసలాయనకు మతి పోయిందని గల్లీ వాళ్లు నవ్వుకునేవారు. చాచీ మాత్రం "బీడీల కన్న నయమే గదా" అనేది.

నేను బడిలో సంగీతం చెబుతాను. జాజ్‌లో ఇలాగే ఒంటరిగా, ముందు ఏదీ అనుకోకుండా సెల్లో వాయించే ఒక విదేశీయుడి రికార్డును ఒకనాడు ఫోన్లో వినిపించాను. చాచా కళ్లు మూసుకుని చివరిదాకా విన్నారు.

"గీయన సుత కప్పు జూస్తుండు బేటీ. యాడ గట్టిగున్నదో, యాడ డొల్లనో," అన్నారు.

"కూలితే?" అన్నాను నవ్వుతూ.

"కూలితే కూలుతది. కప్పు గొట్టేటప్పుడు మాత్రం ఎవ్వలు మాట్లాడొద్దు. మాట్లాడితే నాకు ఇనవడదు. ఇనవడకుంటే మనిషి పోతడు."

ఆయన నవ్వలేదు. పిల్లలకు పాట చెబుతూ మధ్యలో ఆగి వినడం నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. నేర్చుకున్నానని అనుకున్నాను.

పోయిన ఏడాది కరీంనగర్‌లో మేం మిత్రులం సంగీత సభ పెట్టి, పట్టుబట్టి చాచాను తీసుకుపోయాం. ఇస్త్రీ లాల్చీ వేసుకుని, బస్సులో సెల్లోకు ఒక సీటు పట్టి, దాని మీద చెయ్యేసి కూర్చున్నారు. వేదిక మీద పది నిమిషాలు బాగానే గడిచాయి. తర్వాత కుర్చీలు కదలసాగాయి. వెనక నుంచి ఎవరో "పెద్దాయనా, పాట కొట్టు!" అని అరిస్తే అందరూ నవ్వారు. చాచా అప్పుడే చెక్కను తట్టి, చెవి వంచి ఆగి ఉన్నారు. పిలిచింది నేనే కదా, నా పరువు పోతుందని నా కంగారు. గబగబా వేదిక ఎక్కాను.

"చాచా, జర ఏదన్న తెలిసిన పాట వాయించుండ్రి," అన్నాను.

ఆయన నా వైపు చూశారు. కోపం లేదు. ఒక పాత సినిమా పాటను తప్పు లేకుండా వాయించారు. చప్పట్లు బాగా పడ్డాయి. తిరుగు బస్సులో నాకు పల్లీలు కొనిచ్చారు. ఆ తర్వాత మళ్లీ నా ఎదుట వాయించలేదు. వేళ్లు నొస్తున్నాయన్నారు. నమ్మాను. నమ్మితే నాకే సుఖం.

చాచాను మట్టి చేయడానికి మగవాళ్లు వెళ్లినప్పుడు నేను చాచీ పక్కన కూర్చున్నాను. ఏదో ఒకటి మాట్లాడాలి గనుక, "వేళ్లు నొయ్యకుంటే ఇంకా వాయించేటోళ్లు" అన్నాను.

చాచీ ఏడుపు ఆపి నన్ను చూసింది.

"వేళ్లకేమైంది బేటీ? మొన్నటిదాక రోజు వాయించిండు. నీ స్కూటీ సప్పుడు ఇనంగనే కమాను పక్కకు పెడుతుండె. ఎందుకని అడిగితే జెప్పలే."

చాచీని చూడడానికి రోజూ సాయంత్రం పోతున్నాను. గల్లీ మొదట్లోనే స్కూటీ ఆపేసి, దిగి, చప్పుడు కాకుండా తోసుకుంటూ పోతున్నాను.