గడియ లోపలివైపు

ఈ వడ్రంగి మేస్త్రికి పొగరని వీధిలో కొందరి గోల. వీధి తలుపుకి ఎన్ని తాళాలు కావాలన్నా బిగిస్తాడు. ఇంట్లోని గదులకు బయటివైపు గడియ పెట్టమంటే మాత్రం చచ్చినా పెట్టడు. "లోపల పెడతానండీ. బయట కావాలంటే ఇంకొకరిని చూసుకోండి" అని పనిముట్ల సంచి సర్దేసుకుంటాడు. బేరం పోతుంది. పోతే పోయింది. గడియల్లేని మేస్త్రి అని వెనక నవ్వుకునేవాళ్ళకి ఏం తెలుసు, వాళ్ళ మొహం.

చిన్నప్పుడు వాళ్ళ నాన్న అతన్ని మెట్ల కింద సామాన్ల గదిలోకి తోసి బయట గడియ వేసేవాడు. గ్లాసు పగిలినా అంతే, లెక్క తప్పినా అంతే, ఒక్కోసారి ఏమీ లేకపోయినా అంతే. లోపల చీకటి. అమ్మ తలుపవతల కూర్చుని ఏడ్చేది గాని, లేచి గడియ తీసేది కాదు. ఆవిడ భయం ఆవిడది. ఒకసారి ఆ పెద్దమనిషి గడియ వేసి పొరుగూరు వెళ్ళి మరునాటికి గాని రాలేదు. ఆ రాత్రి కూడా అమ్మ తియ్యలేదు. నాన్న వచ్చి తలుపు తెరిచి, తడిసిన లాగుతో మూల నక్కిన కొడుకుని చూసి ఒక్కటే మాట అడిగాడు: "బుద్ధొచ్చిందా?"

అంత పడ్డవాడు లోకం మీద పళ్ళు కొరుకుతూ బతికినా తప్పు పట్టలేం. ఇతను తలుపులు చేసే పని నేర్చుకున్నాడు. అతను బిగించిన తలుపు చిటికెనవేలితో తోస్తే తెరుచుకుంటుంది. స్నానం చేసేటప్పుడు ఇప్పటికీ తలుపు ఓరగానే ఉంచుతాడు. బస్సు కండక్టరైన అతని భార్య "చుట్టాలొస్తే నా పరువేం కాను?" అని ఆటపట్టిస్తూనే గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంటుంది.

కూతురు పుట్టగానే సొంతింట్లో బయటి గడియలన్నీ ఊడబీకాడు. రంధ్రాలకు లప్పం పెట్టి రంగు వేశాడు. "నిన్నిప్పుడు ఎవరు పెడతారయ్యా లోపల?" అంది భార్య.

"నన్ను కాదు. ఈ చెయ్యి మా నాన్న చెయ్యి. దీన్ని నేను నమ్మను" అన్నాడు. తన చేతిని తానే అనుమానించి ముందే జాగ్రత్తపడే మగాళ్ళు ఎంతమంది ఉంటారు చెప్పండి.

పిల్ల బడికెళ్ళే వయసుకొచ్చింది. ఒక సెలవు రోజు, భార్య డ్యూటీలో ఉండగా, సాయంత్రానికి అప్పగించాల్సిన టేకు తలుపు మీద మేకుతో పిల్లి బొమ్మ గీసిపెట్టింది. చూసేసరికి మేస్త్రికి ఒళ్ళు తెలియలేదు. పిల్లని రెక్క పట్టుకుని ఈడ్చి, గదిలోకి తోసి, తలుపు దభాలున లాగి, "బుద్ధొచ్చేదాకా అక్కడే ఉండు" అని అరిచాడు. చెయ్యి దానంతటదే పైకి వెళ్ళి గడియ కోసం తడిమింది. వేళ్ళకి లప్పం తగిలింది.

గడియ ఉంటే వేసేవాడే. అది అతనికి తెలిసింది. నోట్లోంచి వచ్చిన మాట ఎవరిదో కూడా తెలిసింది. తలుపు తోసి గుమ్మంలోనే కూలబడ్డాడు. పిల్ల మంచం కింద దూరింది. "బొమ్మ గీయడం తప్పే తల్లీ. నిన్ను తోయడం అంతకంటే పెద్ద తప్పు. అది నాది" అన్నాడు. పిల్ల బయటికి రాలేదు.

భార్య వచ్చేసరికి ఆ గది తలుపు బందులు విప్పేసి గోడకి ఆనించి ఉంది. మేస్త్రి దాచకుండా అంతా చెప్పాడు. ఆవిడ పిల్లని ఒళ్ళో పెట్టుకుని విన్నది. "తలుపేం పాపం చేసింది? ఎదిగే పిల్లకి తలుపుండాలి. మళ్ళీ బిగించు. గడియ లోపల పెట్టు, దానికి అందేలా."

మోకాళ్ళ మీద కూర్చుని, కూతురి భుజమెత్తు చూసుకుని, చిన్న గడియ బిగించాడు. స్క్రూ ఒక్కటీ వంకర పోలేదు. పిల్ల లోపలికెళ్ళి టక్కున గడియ వేసుకుంది. ఆ చప్పుడుకి మేస్త్రికి ముచ్చెమటలు పోశాయి. అయినా తలుపు తట్టలేదు, తియ్యమనలేదు. అది తీసినప్పుడే తీస్తుందని బయట నేల మీద కూర్చున్నాడు.

కాసేపటికి లోపలినుంచి సన్నటి గొంతు వినిపించింది. "నాన్నా, బుద్ధొచ్చిందా?"

"వచ్చిందమ్మా" అన్నాడు.

పిల్ల గడియ తీసింది.