పండుగ మర్నాటి పడుగు

హులిగమ్మను కూర్చోబెట్టడం ఆ దేవుడి తరం కూడా కాదని ఎమ్మిగనూరులో ఆ వీధి వీధంతా ఎప్పుడో ఒప్పుకుంది. అన్నం తినేటప్పుడు కూడా అంతే. కంచం చేత పట్టుకుని గడప దాకా రెండుసార్లు, వాకిట్లోకి ఒకసారి తిరిగితే గానీ ముద్ద దిగదు. అరికాల్లో చక్రం ఉందని అత్త అనేది. కాలుగాలిన పిల్లికైనా కాసేపు నిద్ర ఉంటుందని మొగుడు అనేవాడు. ఆ మొగుడు వెంకటేశులు సంగతి మళ్ళీ వేరు. పొద్దున గుంతమగ్గంలోకి కాళ్ళు దించాడంటే ఇక ఆ మనిషి మగ్గానికి ఒక గుంజ కింద లెక్క. పిలిస్తే పలకడు, పలికినా లేవడు. దేవుడు తీరిక వేళ నవ్వుకోవడానికే ఈ ఇద్దరినీ ముడివేసి ఉంటాడు.

ఆమె పుట్టింది కోసిగి దగ్గర పల్లెలో. తండ్రి మగ్గం అమ్మేసి కూలికి మళ్ళిన మనిషి. వాన మొహం చాటేసిన ప్రతి ఏడూ ఇంటికి తాళం వేసి, మూటాముల్లె సర్దుకుని, గుంటూరు వైపు మిరపకాయ కోతలకు పోయేవాళ్ళు. ఏ బడిలోనూ మూడు నెలలు నిలవలేదు, ఏ చెట్టు కిందా రెండో ఏడు పడుకోలేదు. అలా పెరిగిన పిల్లను తెచ్చి మగ్గం ముందు కూర్చోబెడితే ఏమవుతుంది? నాలుగో రోజుకే తొక్కుడు చెక్క విరిగింది. రాట్నం దగ్గరికి మారిస్తే చుట్టిన కండెల కన్నా తెగిన పోగులే ఎక్కువయ్యాయి. "ఈ పిల్ల కూటికి దండగ" అని అత్త తల కొట్టుకుంది. ఆఖరికి ఎందుకూ పనికిరాదని గంజి పనికి పంపింది. అదిగో, అక్కడ కుదిరింది.

గంజి పని అంటే కూర్చునే పని కాదు. తెల్లవారకముందే పడుగును వీధిలో ఈ మొన నుంచి ఆ మొన దాకా సాగదీసి, కర్రల మీద కడతారు. రెండు వేల చిల్లర పోగులు నడుమెత్తున పరుచుకుని ఉంటాయి. వాటికి గంజి పట్టించి, బారెడు కుంచెను అడ్డంగా పెట్టి, అటు ఒకరు ఇటు ఒకరు పట్టుకుని, ఎదురెదురుగా ఒకే అడుగు మీద నడవాలి. అటు పోవాలి, ఇటు రావాలి. గంజి ఆరిందాకా కుంచె ఆగకూడదు. ఆగిందా, పోగూ పోగూ అంటుకుని పడుగు అట్టకడుతుంది. అట్టకట్టిన పడుగు పశువుల తాడుకు కూడా పనికిరాదు. ఈ మొన నుంచి ఆ మొన దాకా ఒక నడకను హులిగమ్మ "సాలు" అంటుంది. నాగలి సాలు మాట అది, పల్లె నుంచి వెంట తెచ్చుకుంది. కాపురానికి వచ్చిన ఈ ఇరవై రెండేళ్ళలో వీధి మొత్తానికీ అంటించింది. ఈ రోజుల్లో చాలామంది మిల్లు నుంచి గంజి పెట్టిన పడుగే తెచ్చుకుంటున్నారు. అయినా ఆ వీధిలో ఏడెనిమిది ఇళ్ళ వాళ్ళు హులిగమ్మ చేతి గంజి లేనిదే మగ్గం ఎక్కరు.

దసరాకు రెండు రోజులు మగ్గాలకు పసుపు కుంకుమ పెట్టి, బంతిపూలు చుట్టి, ముట్టకుండా వదిలేస్తారు. పండుగ మర్నాడు కొత్త పడుగు సాగితే ఏడాదంతా మగ్గం ఆగదని నమ్మకం. ఈసారి వంతు ఎదురింటి ఈశ్వరిది. అసలే పండుగకు ముందు పది రోజులు ముసురు పట్టి, ఆమె ఇంట్లో మగ్గం ఖాళీగా పడి ఉంది. మబ్బు విడిచింది, చుక్కలు కనిపించాయి, ఇక సందేహం లేదనుకున్నారు.

చిక్కల్లా మగవాళ్ళది. ఈశ్వరి మొగుడు దేవేంద్రప్ప ఏటా దేవరగట్టుకు పోతాడు. పండుగ రాత్రి అక్కడ మల్లయ్య ఉత్సవంలో కట్టెలు పట్టి జనం జనంతో కలబడే ఆ ఊపులో నిలబడితే గానీ అతనికి దసరా అయినట్టు కాదు. ఈ ఏడు వెంకటేశులును కూడా రెక్క పట్టి లాక్కుపోయాడు.

"గుంజ కూడా జాతరకు పోతాదే! సూసినారామ్మా ఈ ఇడ్డూరం!" అని హులిగమ్మ వీధి వీధంతా వినేటట్టు ఎగతాళి చేసింది. వెంకటేశులు నవ్వాడు. తాను నేసిన తువ్వాలు భుజాన వేసుకుని దేవేంద్రప్ప బండి వెనక ఎక్కాడు.

మర్నాడు తెల్లవారుజామున ఈశ్వరి, హులిగమ్మ కుంచె పట్టారు. పడుగు చివర తాడు బిగించడానికి హనుమన్న కూర్చున్నాడు. డెబ్బై ఏళ్ళ మనిషి, నేత మానేసి చాలా కాలమైంది. చేతిలో మనవడు కొనిచ్చిన పెద్ద ఫోను ఉంటుంది, దాంతో ప్రపంచమంతా అతని ఒళ్ళోనే. ఆరేడు సాళ్ళు బాగానే నడిచాయి. తర్వాత హనుమన్న కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి, "హులిగమ్మా, ఇది సూడు. గట్టు కాడ ఎవరికో బాగా తగిలింది పాపం" అని ఫోను ఆమె వైపు తిప్పాడు.

నలుగురు ఒక మనిషిని మోసుకుపోతున్నారు. ముఖం కనపడలేదు. తల చుట్టూ తువ్వాలు కట్టి ఉంది, సగం ఎర్రగా నానిపోయి ఉంది. నానని సగంలో అంచు కనిపించింది. తెలుపు మీద మూడు కాషాయం గీతలు, నడుమ గీత పక్కన సన్నగా ఒక నల్ల పోగు. మామూలు మనిషికి అది తువ్వాలు. ఆ వీధి మనిషికి అది సంతకం. ఆ నల్ల పోగు వేసేవాడు ఎమ్మిగనూరు మొత్తానికి ఒక్కడే.

హులిగమ్మ కుంచె వదలకుండానే ఫోను మీదికి వంగింది.

"నా మొగుడే" అంది. "ఈశ్వరీ, అది నా మొగుడే."

"అట్లాంటి తువ్వాళ్ళు సంతలో ఎన్ని అమ్మలేదక్కా? ఎవురో కొనుక్కున్నోళ్ళు."

"నల్లపోగుది అమ్మడు. భుజాన ఏసుకునేందుకు ఒక్కటే నేసుకున్నాడు."

ఒక చేత్తో కుంచె, ఇంకో చేత్తో ఫోను. వెంకటేశులు ఫోను మూగబోయింది. దేవేంద్రప్పది మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేసింది, మళ్ళీ చేసింది. ఆ పిల్ల గొంతు "మీరు ప్రయత్నిస్తున్న నెంబరు" అనగానే "నీ నోట్లో మన్ను పడ" అని తిట్టింది.

"కుంచె ఆడ పెట్టక్కా" అంది ఈశ్వరి. "నువ్వు పో. నా పడుగు పోతే పోతాది. మనిషి కంటే ఎక్కువనా?"

"యాడికి పోయేది? ఆదోనికా, ఆలూరుకా? ఆస్పత్రి ఏదో తెల్దు. ఏడున్నర దాకా బస్సు లేదు. కూచుంటే నాకు పిచ్చి పడతాది మే. నడువు. నడుస్తాంటేనే పానం నిలబడేది."

నడిచారు. హులిగమ్మ అంత వేగంగా ఎప్పుడూ నడవలేదు. అడుగు కలపలేక ఈశ్వరి దాదాపు పరుగెత్తింది. నా నోరే కొట్టింది, అనుకుంది హులిగమ్మ. ఊరికే మగ్గంలో కూర్చునే మనిషిని గుంజ గుంజ అని దెప్పి దెప్పి నేనే పంపాను. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారైనా ఆయన పక్కన నిమ్మళంగా కూర్చున్నానా? కూర్చుని ఏం మాట్లాడాలో తెలిస్తే కదా. ఎండ ఇంకా ఎక్కలేదు, కానీ ఆమె వీపంతా చెమటతో తడిసిపోయింది. గంజి సగం ఆరింది. ఇంకా పది సాళ్ళన్నా నడవాలి.

అప్పుడు ఫోను మోగింది. ఎవరిదో తెలియని నెంబరు.

"ఏమే, నేను."

ఆ గొంతు వినగానే హులిగమ్మ ఫోనును చెవికి అదిమింది. కాళ్ళు మాత్రం నడుస్తూనే ఉన్నాయి.

"బాగుండావా? తగిలిందా? తలకా?"

"నాకేం కాలేదే. నా ఫోను సచ్చిపోయింది. ఆదోని ఆస్పత్రి కాడ ఉండా."

హులిగమ్మ నవ్వింది. పళ్ళన్నీ కనపడేటట్టు, వీధి మధ్యలో, కళ్ళ నీళ్ళతో నవ్వింది. ఆ నవ్వు మొహం మీద ఉండగానే అవతల నుంచి వెంకటేశులు గొంతు తగ్గించాడు.

"దేవేంద్రప్పకు తగిలిందే. నా తువ్వాలే కట్టినా. లోపలికి తీసుకపోయినారు. ఇంకా తెలివి రాలే. డాక్టరు ఏం సెప్పడం లేదు. ఈశ్వరికి నువ్వే నిమ్మళంగా సెప్పి పంపీ."

ఫోను రవికలో దోపుకుంది. కుంచెకు అవతల, చెయ్యి చాపితే అందేంత దూరంలో, ఈశ్వరి ముఖం. ఈశ్వరి ఏమీ అడగలేదు. కుంచె వైపు చూస్తూ నడుస్తోంది.

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. ఎలా చెప్పాలి? ఈ పిల్ల పొద్దున్నుంచి నా పడుగు పోతే పోనీ అని తనను ఊరడిస్తూ నడిచింది. తనేమో, "నా మొగుడు కాదు" అని లోపల గంతులేసింది. అవును, గంతులే వేసింది. ఎవరి మొగుడైతే ఏం, నావాడు కాదు కదా అనుకుంది ఒక్క క్షణం. థూ, ఇదేం బుద్ధి అని తన మీద తానే ఉమ్మేసుకుంది. ఇప్పుడు చెబితే ఈశ్వరి కుంచె వదిలేస్తుంది. పడుగు అట్టకడుతుంది. దేవేంద్రప్ప పడకేస్తే ఆ ఇంటికి దిక్కు ఈ పడుగే. చెప్పకపోతే? చెప్పకుండా ఒక్క అడుగు వేసినా పాపమే. అడుగు వేసింది. ఇంకో అడుగు వేసింది. ఆ మొన చేరినాక చెబుతాను, అనుకుంది. ఆ సాలు అంత పొడుగ్గా ఎప్పుడూ లేదు. దారిలో వేపచెట్టు దాటారు, బీబీజాన్ ఇంటి అరుగు దాటారు, నీళ్ళ కొళాయి దాటారు.

మొన దగ్గర కర్ర తగిలింది. కుంచె ఆగింది.

"ఈశ్వరీ. దేవేంద్రప్పకు తగిలిందంట. ఆదోని ఆస్పత్రిలో ఉండాడు. పానముంది. పో."

ఈశ్వరి ఏడవలేదు. కుంచెను పడుగు మీద పెట్టి, గంజి చేతులు చీరకు తుడుచుకుని, హనుమన్న వైపు చూసింది. ముసలాయన లేచి అప్పటికే మనవడి మోటారు సైకిలు తాళం చెవి వెతుక్కుంటున్నాడు. బండి సందు మలుపు తిరిగిందాకా హులిగమ్మ చూసింది. తర్వాత, "బీబీజాన్! ఓ బీబీజాన్! పరిగెత్తుకోని రా!" అని కేక వేసింది. బీబీజాన్ జీవితంలో కుంచె పట్టిన మనిషి కాదు. ఆమెకు ఎదురుగా నిలబెట్టి, అడుగు నేర్పిస్తూ, తిడుతూ, బతిమాలుతూ హులిగమ్మ ఆ పడుగును ఆరబెట్టింది. అయినా నడుమ రెండు బారల మేర అంటుకునే పోయింది.

దేవేంద్రప్ప బతికాడు. మూడో రోజు తెలివి వచ్చింది. తలకు పద్దెనిమిది కుట్లు పడ్డాయి. ఎడమ చెవి వినపడదన్నారు. ఇంటికి తెచ్చి పడుకోబెట్టారు. ఆ తర్వాత పది రోజులు హులిగమ్మ ఎదురింటి అరుగు మీద కూర్చుంది. అవును, కూర్చుంది! అంటుకున్న పోగుల్ని తడిగుడ్డతో నానబెట్టి, సూదితో ఒక్కొక్కటే విడదీస్తూ కూర్చుంది. కాళ్ళు జివ్వుమని లాగేవి, మోకాలు దానంతట అదే ఊగేది. లేచేది కాదు. వెంకటేశులు మగ్గంలోంచి తల తిప్పి చూసి, పెళ్ళానికి ఒంట్లో బాగాలేదేమోనని మజ్జిగ తెచ్చి ఇచ్చాడు.

పదో రోజు మధ్యాహ్నం ఈశ్వరి మొగుడికి గంజి తాగించి వచ్చి పక్కన కూర్చుంది. తనూ ఒక సూది తీసుకుంది. హులిగమ్మ ఇక ఆగలేకపోయింది.

"ఈశ్వరీ, నీకొక మాట సెప్పల్ల. ఆ పొద్దు పోను వచ్చినాక నేను ఎంటనే సెప్పలే. ఒక సాలు సెప్పకుండానే నడిచినా. నన్ను కొట్టినా సరే, తిట్టినా సరే."

ఈశ్వరి సూది ఆపలేదు. ఒక పోగు విడదీసి, పక్కకు జరిపి, రెండోది పట్టుకుంది.

"నాకు తెలుసక్కా."

"ఏం తెలుసు?"

"నువ్వు పోన్లో నవ్వినావు సూడు. నవ్వు మొకం మీదనే ఆగిపోయె. అప్పుడే తెలిసిపోయె నాకు."

"మరి అడగకపోతివే!"

"అడిగితే నిజమైపోతాదని అడగలే." ఈశ్వరి సూదిని పోగుల మీద పెట్టేసింది. "నువ్వు యాడ సెప్పేస్తావో అని బయపడుకుంటా నడిచినానక్కా. ఆ ఒక్క సాలూ నా మొగుడు బాగనే ఉండె."