మా టీచరుకి తొడిగిన కోటు

మీరు చేతులు జోడించింది మా టీచరుకి కాదు, ఒక కోటుకి. ఆ ఫొటోని ఫోన్లలో ఒకరికొకరు పంపుకుని, కింద పూలదండ బొమ్మలు అతికించి, బాధ్యత తీరిపోయిందనుకున్నారు.

మన రాజపాళయం బడిలో పది దాటి ప్లస్ వన్, ప్లస్ టూ చదివే ఆడపిల్లలకు ఏళ్ల తరబడి నూలు పని, నేత పని నేర్పిన మా టీచరు పోయిన వారం గుండె ఆగి చనిపోయారు. మధ్యాహ్నానికల్లా బస్టాండు దగ్గర ఫ్లెక్సీ లేచింది. పైన 'కన్నీటి అంజలి'. మధ్యలో ఆవిడ ముఖం. ముఖం కింద మాత్రం ఆవిడది కాని ఒళ్లు: నీలం కోటు, జేబు మీద కెరీర్ అకాడమీ ముద్ర. ఇంకా కిందికి చూస్తే, 'అడ్మిషన్లు జరుగుతున్నాయి'.

మన ఊళ్లో ఇదొక మర్యాద. బతికినన్నాళ్లూ చొక్కా గుండీ పెట్టుకోని కొబ్బరితోట పెద్దాయన పోయినా సరే, ఫ్లెక్సీ షాపువాడు తల ఒకటి కత్తిరించి కోటూ టై ఉన్న ఒంటి మీద అంటిస్తాడు. ఇంట్లోవాళ్లు సంతోషిస్తారు. దాన్ని నేనూ తప్పు పట్టను. కానీ ఏ కోటునైతే పిల్లల ఒంటి మీద పడనివ్వనని ఆవిడ పోట్లాడారో అదే కోటు ఆవిడకు తొడిగారు. చూసి మీలో ఒక్కరికీ నవ్వు కూడా రాలేదు.

నేను ఆవిడకు పక్కింటివాణ్ణి. సాయంత్రం బడి నుంచి వచ్చి అరుగు మీద కూర్చుని, తన జుట్టులోంచి, చీర భుజం మీది నుంచి దూది పోగులు ఒక్కొక్కటే ఏరుకునేవారు. వెంట వచ్చిన పిల్లలెవరైనా వీధిలోకి పోయేముందు హడావిడిగా తల దులుపుకుంటే నవ్వేవారు.

"తలలో దూది పడితే దులపవచ్చు మే. సిగ్గు పడితే ఏం పెట్టి దులుపుతావు?"

ఆ సిగ్గు పెట్టింది ఎవరు? మీరే. పదో తరగతి ఫలితాలు వచ్చిన మర్నాటి నుంచి మన ఊళ్లో మనిషికి మనిషి అడిగే ప్రశ్న ఒకటే: ఏ గ్రూపు? లెక్కలూ బయాలజీ కలిసిన ఫస్ట్ గ్రూపు అయితే కాఫీ వస్తుంది. పని నేర్పే గ్రూపు అయితే "పరవాలేదులే" అని ఓదార్పు వస్తుంది, ఇంట్లో చావు జరిగినట్టు.

అడ్మిషన్ల రోజుల్లో ఆవిడ పద్ధతి ఒకటుండేది. తండ్రి చెప్పాడని, హెడ్మాస్టరు పంపాడని ఏ పిల్లనూ చేర్చుకునేవారు కారు. పిల్ల నోరు తెరిచి తనకేం కావాలో చెప్పాలి. అప్పటిదాకా వరండాలో బెంచీ మీద కూర్చోవాలి. ఒకసారి పక్కనున్న మంసాపురం నుంచి ఒక రైతు తన కూతుర్ని తీసుకొచ్చాడు. నేనేదో పని మీద వెళ్లి అక్కడే ఉన్నాను.

"మార్కులు తక్కువ వచ్చినాయి టీచరమ్మా. ఈ గ్రూపులోకి తోసేసినారు."

"తోసేసినారా? ఇది గుంట కాదయ్యా, క్లాసు. బిడ్డను మాట్లాడనీ."

ఆ పిల్ల వెళ్లి బెంచీ మీద కూర్చుంది. చివరికి, "ఏం కావాలో తెలీదు టీచర్," అంది.

"ఆమా, ఇదీ మాట. తెలీదంటే సరే. తెలిసేదాకా చదువు, దా."

'తెలీదు' అన్నది ఆవిడ లెక్కలో సరైన జవాబు. అందుకే మగ్గం ముట్టుకోకముందు రోజూ మొదటి గంట లెక్కలు చెప్పేవారు. సిలబస్‌లో ఉన్నదానికన్నా ఎక్కువే. రేపు ఆ పిల్ల మిల్లుకి పోవచ్చు, కాలేజీకి పోవచ్చు. రెండు తలుపులూ తెరిచి ఉండాలి.

వ్యాసాలు రాసే నాలాంటివాళ్లనూ ఆవిడ వదల్లేదు. బడిలో చేతిపని నేర్పడమంటే కులవృత్తికి కొత్త చొక్కా తొడగడమేనని నేను ఒకచోట రాశాను. చదివి గోడ మీంచే పిలిచారు.

"తంబీ, పనిలో ఏం తప్పుండాది? పని నేర్పి లెక్క నేర్పకుండా ఉంటే కదా తప్పు. రెండూ వచ్చిన బిడ్డను ఎవడు తొక్కుతాడో చూస్తాను."

 

నిరుడు బడి యాజమాన్యం ఈ అకాడమీని తెచ్చింది. తొమ్మిదో తరగతిలోనే పిల్లల్ని ట్రాకులుగా విడగొడతారు. మార్కులున్నవాళ్లకి డాక్టరు ట్రాకు, ఇంజనీరు ట్రాకు. మిగిలినవాళ్లకి స్కిల్ ట్రాకు. అంటే సగం రోజు మిల్లులో పని. పేరు శిక్షణ కాబట్టి కూలి ఉండదు. అందరికీ నీలం కోటు మాత్రం ఒకటే. సమానత్వమంటే ఇదేనట. దీనికోసం టీచరు గ్రూపును ఎత్తేసి, మగ్గాలున్న మిషన్ రూమును వాళ్లకివ్వాలి. ఆవిడ తాళంచెవి ఇవ్వలేదు.

తల్లిదండ్రుల సమావేశానికి అకాడమీ మేనేజరు వచ్చాడు. మీరూ వచ్చారు. గుర్తుందా?

"పిల్లలు ఏమవ్వాలో ముందే తేల్చేస్తాము టీచర్. టైము వేస్ట్ కాదు," అన్నాడతను.

టీచరు వెనక బెంచీలోంచి లేచారు. "మంచిది సార్. మీ బిడ్డ ఏం చదువుతా ఉండాడు?"

"మదురైలో. నైన్త్."

"వాడు ఏమవుతాడు?"

"చిన్నోడు కదా టీచర్, ఇప్పుడే ఏం తెలుస్తాది?"

"నా బిడ్డలూ చిన్నవాండ్లే సార్," అని కూర్చున్నారు.

హాలంతా నవ్వింది. మీరూ నవ్వారు, చప్పట్లు కొట్టారు. తరవాత బయటికి వెళ్లి, వరసలో నిలబడి, మీ పిల్లల కోటు కొలతలు ఇచ్చి వచ్చారు. ఆ మేనేజరు మీద నాకు కోపం లేదు, అతను సరుకు అమ్ముకునేవాడు. నవ్విన నోటితోనే కొలత చెప్పినవాళ్లను చూస్తే అసహ్యం.

అంత్యక్రియలైన మర్నాడే యాజమాన్యం మనిషి టీచరు చెల్లెలి దగ్గరకు వచ్చాడు. పరామర్శ రెండు మాటల్లో ముగించి, "మిషన్ రూము సావి ఇస్తే పోతానక్కా," అని తాళంచెవి అడిగాడు. ఆవిడ కళ్లు తుడుచుకుని, "కర్మ అయ్యేదాకా చావింటి సామాను గడప దాటకూడదయ్యా. నీకు తెలీదా?" అన్నారు. ఆచారాలంటే మండిపడే నేను పక్కనే నిలబడి తల ఊపాను. అక్క కోసం ఆ చెల్లెలు సంపాదించిన గడువు అది. కర్మ అయిన వెంటనే యాజమాన్యం మళ్లీ తల్లిదండ్రుల సమావేశం పెడుతోంది. ప్లస్ వన్ చదువుతున్న ఆ పిల్లలు క్లాసులో ఉంటారా, కూలి లేని పనిలోకి పోతారా అన్నది అక్కడ తేలుతుంది. తేల్చేది మీరే.

కాబట్టి ఓదార్పులు నాకొద్దు. ఇవి చేయండి.

మిషన్ రూము తాళంచెవి అకాడమీకి ఇవ్వకండి. ఆ గ్రూపుకి ఇంకో టీచరును వేయమని అడగండి.

పని నేర్చుకునే పిల్లలకు మొదటి గంట లెక్కలు చెప్పించండి.

మిల్లులో పిల్లల చేత పని చేయించనివ్వకండి. చదువైపోయి పనికి పోయినవాళ్లకు మొదటి రోజు నుంచే కూలి ఇప్పించండి.

తొమ్మిదో తరగతి పిల్లను ట్రాకు అడగకండి. 'తెలీదు' అన్న పిల్లకు బెంచీ మీద చోటివ్వండి.

ఆ ఫ్లెక్సీ దించండి. ఇంకోటి పెట్టాలనిపిస్తే ఆవిడ నూలు చీర ఆవిడకు తిరిగివ్వండి. భుజం మీద దూది పోగు ఉంటుంది. షాపువాడిని దాన్ని చెరపనివ్వకండి.